ఏసీ గదిలో చెమ్మపట్టిన గాలిమర కార్డు

అవి ఏసీ నీళ్లు కావు. ఇంకెన్నిసార్లు చెప్పాలి? ఏసీ ఉన్నది అవతలి గోడకు. నా బల్ల ఉన్నది ఇవతలి గోడకు. మధ్యలో నేలంతా పొడిగా ఉంది. నీళ్లు ఎగిరొచ్చి ఒక్క కార్డు మీదే వాలాయా?

ఫోన్లో మాట్లాడుతూ ఏదో ఒలకబోసి దయ్యం మీదకు నెట్టానని మా ఆఫీసులో ఒక పెద్దమనిషి అన్నాడు. దయ్యం అనే మాట నా నోట్లోంచి రాలేదు. నేను సీతాఫల్‌మండిలో పుట్టి పెరిగాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాయనమ్మ భయపెట్టే కథలు చెబితే చిన్నప్పుడే నవ్వేదాన్ని. మీటరు చూపిస్తే నమ్ముతాను, లేకపోతే లేదు. అందుకే ఆ రోజు జరిగింది తలచుకుంటే భయం కంటే ఒళ్లుమంట ఎక్కువ.

అందరూ సాఫ్ట్‌వేర్ అంటూ మాదాపూర్ బస్సులెక్కుతున్న రోజులవి. పాలిటెక్నిక్‌లో కలిసి చదివిన ఖాజా, నేను మాత్రం గాలిమరలు నడిపే ఒక కంపెనీలో చేరాం. లాలాగూడలో పెరిగిన ఖాజాను తీసుకెళ్లి రాయలసీమలో ఒక కొండ మీద, అక్కడి గాలిమరలు చూసుకునే పనికి వేశారు. నన్ను సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న రిపేరు సెంటర్లో కూర్చోబెట్టారు. గాలిమరల్లో పాడైన ఎలక్ట్రానిక్ కార్డులు పార్సిల్లో మాకు వస్తాయి. మేం పరీక్షించి వెనక్కి పంపాలి.

మా సెంటర్లో కార్డు రాగానే చేసే మొదటి పని, బ్రష్‌తో దుమ్ము దులిపి, బ్లోయర్‌తో వేడిగాలి కొట్టి ఆరబెట్టడం. హారతి ఇచ్చినంత భక్తిగా చేస్తారు. ఆ తర్వాతే కరెంటు ఇచ్చి చూస్తారు. ఇంకేముంది, పని చేస్తుంది! చల్లటి, పొడి గదిలో, శుభ్రంగా తుడిచిన కార్డు ఎందుకు పని చేయదు?

కొండ మీద దాని బతుకు వేరు. ఎండకు కార్డు ఉండే ఇనుప డబ్బా కాలిపోతుంది. మబ్బు దిగగానే చల్లబడి లోపల నీటి బొట్లు పడతాయి. కార్డు మీద పేరుకున్న సన్నటి దుమ్ము ఆ చెమ్మను పీల్చుకుంటుంది. కరెంటు పోకూడని దారిలో పోతుంది. గాలిమర ఆగిపోతుంది. మేమేమో ఆ దుమ్మునూ చెమ్మనూ తీసేసి ‘లోపం లేదు’ అని రాస్తాం. మరి లోపం లేని కార్డు అక్కడెందుకు ఆగింది? ఖాజా సరిగ్గా బిగించలేదు. అంతే, తీర్పు అయిపోయింది.

ఒకే గాలిమర కార్డు మళ్లీ మళ్లీ వచ్చింది. డబ్బాలో చెమ్మ పట్టకుండా ఉండే చిన్న హీటర్ కాలిపోయిందని, మార్చమని ఖాజా మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. పైగా, ఈసారి కూడా ‘లోపం లేదు’ అని తేలితే వాడిని తీసేస్తామన్నారు. వాళ్ల నాన్న జబ్బుపడి పని మానేశాక ఆ ఇల్లు ఖాజా జీతం మీదే నడుస్తోంది.

ఆ కార్డు నా బల్ల మీదకు వచ్చిన రోజు, దాన్ని ఆరబెట్టనని మేనేజర్‌తో చెప్పాను. తేమలో పెట్టి పరీక్షిద్దామన్నాను.

“ఇక్కడో పద్ధతుంది కదమ్మా. నువ్వొచ్చావని మార్చేస్తామా?”

“పద్ధతే తప్పయితే, సార్?”

“సాయంత్రానికి రిపోర్టు వెళ్లాలి. ముందు ఆ ఫోను కింద పెట్టు.”

ఆయన భోజనానికి వెళ్లారు. నేను ఫోను కింద పెట్టలేదు. ఖాజాకే చేశాను.

“ఏందే, కార్డు బతికిందా?”

“ముందుగాల నువ్వు బతుకుతవో లేదో చూస్తున్న. యాడున్నవ్?”

“దాని ఖాళీ డబ్బా ముందట్నే. మబ్బు దిగింది. గాలికి నా టోపీ సుత ఎగిరిపోయింది. నీకేంది, ఏసీల కూసున్నవ్.”

“టోపీ పోతే పోనీ, నౌకరీ పోకుండ చూస్కో. డబ్బా లోపల ఎట్లుంది?”

“మొత్తం చెమ్మ. బొట్లు కారుతున్నయ్.”

అప్పుడే నా చూపు బల్ల మీద పడింది. కార్డు మసకబారింది. అద్దం మీద నోటితో ఊదితే ఎలా ఉంటుందో అలా. చూస్తుండగానే ఆ మసక చిన్న చిన్న బొట్లుగా మారింది. అటూ ఇటూ ఉన్న కార్డులు పొడిగా ఉన్నాయి. గోడ మీది తేమ మీటరు ముల్లు కదల్లేదు. బయట ఎండ కాస్తోంది. వేలు పెట్టి చూశాను. తడి. ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంది.

“ఖాజా, లైన్‌ల ఉండు.”

“ఉన్న. జెర ఆగు, గుడ్డతోని తుడుస్తున్న.”

వాడు ఆ మాట అంటుండగానే కార్డు మీద ఒక చార పడింది. ఎడమ నుంచి కుడికి, మెల్లగా, ఎవరో తుడిచినట్టు. చార పడినంత మేర చెమ్మ లేదు. నా ఒక చెయ్యి ఫోను పట్టుకుని ఉంది. రెండోది నా ఒళ్లో ఉంది. మొదటి చార కింద రెండోది మొదలైంది.

“తుడుసుడు ఆపు!”

“ఎందుకే?”

“ఆపుమంటున్న గదా!”

రెండో చార సగంలో ఆగిపోయింది. పది లెక్కపెట్టాను, చార కదల్లేదు. తర్వాత, మళ్లీ తుడవమన్నాను.

“ఏందీ, పరేషాన్ చేస్తున్నవ్,” అని విసుక్కుంటూ తుడిచాడు. మిగిలిన సగం నా కళ్ల ముందే చివరిదాకా వెళ్లింది.

ఫోన్ పెట్టేసి ఫోటో తీశాను. అంచుల్లో చెమ్మ ఉండగానే కార్డుకు కరెంటు ఇచ్చాను. కొండ మీద గాలిమర ఆగినప్పుడల్లా వెలిగే ఎర్ర లైటు వెలిగింది. అంటే లోపం ఉంది! చెమ్మలో పెడితే దొరికే లోపం!

మేనేజర్ తిరిగొచ్చారు. తడి చూశారు. ఎర్ర లైటు చూశారు. పైకి తలెత్తి ఏసీ వైపు చూశారు. ఆయన చెయ్యి అలవాటుగా బ్లోయర్ మీదకు వెళ్లింది. నేను వద్దని అరుస్తూనే ఉన్నాను. వేడిగాలి కొట్టేశారు. ఆరాక కార్డు చక్కగా పని చేసింది. ఆయన చక్కగా ‘లోపం లేదు’ అని రాసి పంపారు.

పైవాళ్లకు నా ఫోటో పంపాను. నీళ్లు ఒలికించి, నువ్వే తుడిచి ఫోటో తీశావా అని అడిగారు. ఖాజాను తీసేశారు.

తర్వాత ఏం చేశారో తెలుసా? ఆ కొండ మీద డబ్బాలన్నింటికీ కొత్త హీటర్లు పెట్టించారు. అక్కడి నుంచి కార్డులు రావడం తగ్గిపోయింది. ఖాజాను మాత్రం వెనక్కి పిలవలేదు. ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. ఆ రోజు సంగతి ఎత్తితే, “గుడ్డ పట్టింది నేనే. గంతకు మించి నాకేం తెల్వదు,” అంటాడు.

నాకూ తెలియదు. చదివిన పుస్తకాలన్నీ తిరగేశాను. అంత దూరంలో చెయ్యి కదిలితే ఇక్కడ చార పడే దారి ఏదీ నాకు దొరకలేదు. అది దయ్యమని నేను ఇప్పటికీ అనను. మీరు నమ్మకపోయినా నాకు ఫర్వాలేదు. కానీ ఎర్ర లైటు వెలగడం కళ్లారా చూసి కూడా ‘లోపం లేదు’ అని రాసి ఒక మనిషి కూడు తీసేశారు. అందులో తప్పేమీ లేదని మీలో ఎవరైనా నా మొహం చూసి అనగలరా?