కత్తి అక్కర్లేని మూత

మా వీధి దర్జీ అక్కకు అసూయ అనే మాటే గిట్టదు. "నాకెందుకమ్మా అసూయ? ఉన్నమాట చెబుతున్నా" అంటుంది. ఆ ఉన్నమాట ఏళ్ల తరబడి ఒక్కటే: తోటికోడలికి అన్నీ కలిసొస్తాయి, తనకు ఏదీ రాదు. కింది వాటాలో మిషను పెట్టుకుని ఈవిడ బట్టలు కుడుతుంది. పై వాటాలో ఉండే తోటికోడలు వీధి చివర బేకరీ నడుపుతుంది. డాబా మీద ఇద్దరికీ చెరో తేనెటీగల పెట్టె ఉంది, పక్కపక్కనే.

ఆకులు రాలే కాలం వచ్చిందంటే మా తేనెటీగల సంఘంలో అందరికీ చేతినిండా పని. పూలు అయిపోతాయి కాబట్టి పంచదార పాకం పెట్టాలి, కందిరీగలు దూరకుండా పెట్టెల గుమ్మాలు సన్నం చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం బరువు. సంఘం పెద్ద, గడియారాలు బాగుచేసే మామయ్య, ఇంటింటికీ వచ్చి పెట్టెను వెనకనుంచి ఒంటిచేత్తో కాస్త ఎత్తి చూస్తాడు. బరువుంటే లోపల చలికాలానికి సరిపడా తేనె ఉన్నట్టు. తేలిగ్గా ఉంటే దాన్ని పక్క పెట్టెలో కలిపేసి, ఒక రాణి ఈగను తీసేయాలి. ఎవరి రాణి మిగిలితే పెట్టె వాళ్లది.

ఆ ఏడు తోటికోడలి పెట్టె కదలనంటే కదలనంది. దర్జీ అక్కది ఖాళీ డబ్బాలా లేచింది. ఆవిడ ముఖం మాడిపోయింది. మూడు నెలలుగా పిల్లను సాకినట్టు సాకిన రాణి అది.

"దీని ఈగలే నా తేనె దోచుకుపోతున్నాయి మామయ్యా! లేకపోతే రెండూ ఒకే డాబా మీద ఉండి ఇదెలా కుదురుతుంది?"

"అక్కా, అదేం మాట?" అంది తోటికోడలు.

"నువ్వు మాట్లాడకు!"

"గొడవెందుకు? పిండి చల్లి చూద్దాం" అన్నాడు మామయ్య. మా సంఘంలో దొంగను పట్టే పద్ధతి అది. తేనె పోతున్న పెట్టెలోంచి బయటికొచ్చే ఈగల మీద పిండి చల్లుతాం. తెల్లబడ్డవి ఏ పెట్టెకు చేరితే దోపిడీ దానిదే. తోటికోడలు పిండి తెస్తానంటే అక్క ఒప్పుకోలేదు. "బేకరీ పిండి నమ్మను" అని తన వంటింటి నుంచే గుప్పెడు తెచ్చి తనే చల్లింది.

అందరం పక్క పెట్టె గుమ్మం మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ఒక్క తెల్ల ఈగ కూడా అటు రాలేదు. అన్నీ కాసేపు అటూ ఇటూ తిరిగి, బుద్ధిగా అక్క పెట్టెలోకే దూరాయి.

మామయ్య లోపల చూద్దామని కత్తి తీశాడు. ఈ కాలంలో ఈగలు సందులన్నీ జిగురుతో మూసేస్తాయి. కత్తి పెట్టి లేపితే గాని ఏ మూతా ఊడదు. అక్క పెట్టె మూత మాత్రం అన్నం గిన్నె మీది మూతలా చేతికొచ్చేసింది.

మామయ్య మూతవంక, అక్కవంక చూశాడు. "రోజూ తెరుస్తున్నావా తల్లీ?"

అక్క గొణిగింది: "దాని గుమ్మంలో సందడి చూసినప్పుడల్లా, నా దాంట్లో ఎంతుందోనని..."

"తెరిచిన ప్రతిసారీ లోపలి వెచ్చదనం పోతుంది. మళ్లీ వెచ్చబరచడానికి అవి తేనె తినాలి. దోచిందెవరూ లేరు. నువ్వు చూస్తుంటే అవి తిన్నాయి."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. నవ్వు ఎలాగో ఆపుకున్నాను.

ఇక కలపక తప్పదు. తోటికోడలు పాత న్యూస్‌పేపరు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టే రెండు పెట్టెల మధ్య పరవడానికి సిద్ధం చేసింది. ఆ కాగితం కొరుక్కుంటూ కలిసేలోగా ఈగలన్నిటికీ ఒకే వాసన వస్తుంది, కొట్టుకోవు. అప్పుడు తోటికోడలు అంది: "మామయ్యా, నా రాణి మూడో ఏట పడింది, ముసలిదైపోయింది. అక్కది ఈ ఏడాదిదే. అక్క రాణినే ఉంచండి."

మామయ్య తలూపాడు. అంటే ఆ బరువైన పెట్టె, లోపలి తేనెతో సహా, దర్జీ అక్కది. అడగకుండానే వచ్చింది.

పొంగిపోతుందనుకున్నాను. మెట్లు దిగుతుండగా నా చెయ్యి పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చూశావా దాన్ని? అందరి ముందూ ఎంత మంచిదైపోయిందో! చివరికి ఆ మంచి పేరూ నాకు మిగల్చలేదు."