మిల్లు టవరు కింద గోరువెచ్చని నీళ్లు

సత్యవతి కూతురి బొడ్డు చుట్టూ ఎరుపు చూసినప్పుడు నాకు అంత భయం వేయలేదు. ఆ పసిదాని తల వాసన చూసినప్పుడు వేసింది. పసిపిల్లల మాడు మీద ముక్కు ఆనించడం నేను కాలేజీలో నేర్చుకున్న పరీక్ష కాదు. ఇద్దరు పిల్లల్ని కన్నాక పట్టుబడిన అలవాటు. పాలు, నూనె, సాంబ్రాణి కలిసిన వాసన రావలసిన చోట పాచి వాసన వచ్చింది.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వేసిన మరుసటి ఏటి వేసవి అది. మద్రాసులో వైద్యం చదివి వచ్చి, నరసాపురం కాలవ గట్టున ఆడవాళ్లకోసం పెట్టిన చిన్న ఆసుపత్రిలో పని చేస్తున్నాను. పక్కనే ఆవిరి ఇంజనుతో నడిచే బియ్యం మిల్లు. ఏటా వేసవిలో కట్టేసినట్టే ఆ ఏడూ మరమ్మతుల కోసం కాలవలు కట్టేశారు. కాలవలో బురద తప్ప ఏమీ లేదు.

సత్యవతి బాలింతరాలు. ఆమె తల్లి మంగమ్మ మిల్లు గేటు దగ్గర చేపలు అమ్ముతుంది. మిల్లు గోడ పక్కనే ఉన్న వాళ్ల ఇంటికి ఆ రోజు బిడ్డను చూడ్డానికి వెళ్లాను.

"ఈ వాసనేంటి మంగమ్మా?" అని అడిగాను.

"మా ఇంట్లో పుట్టిన పిల్లకి మల్లెపూల వాసనొస్తుందేంటండీ? చేపల వాసనేనండి, డాక్టరమ్మగారు."

"చేప వాసన నాకు తెలీదా? ఇది పాచి."

"పాచేంటండీ, రెండు పూటలా నీళ్లు పోస్తుంటేను. చూడండి నీళ్లు" అని కుండ వంచి చూపించింది. చిల్లగింజ కుండ లోపల అరగదీసి మట్టి పేరబెట్టింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పట్టుకుంటే గోరువెచ్చగా కూడా ఉన్నాయి.

సత్యవతి రవికె పాలతో తడిసిపోయింది. "పొద్దుటినుంచి రొమ్ము పట్టడం లేదండి. కారిపోతున్నాయి గానీ ఇది తాగడం లేదు" అంది. ఏడవకుండా ఉండడానికి బిడ్డ వేళ్లు ఒక్కొక్కటీ సర్దుతూ కూర్చుంది. బొడ్డు బోరిక్ లోషన్‌తో కడిగి, పొడిగుడ్డ చుట్టాను. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పట్టమన్నాను. నేను చెప్పేదాకా స్నానం వద్దన్నాను. నెల కూడా నిండని పసికందుకి బొడ్డునుంచి జ్వరం పాకితే మా దగ్గర ఉన్న మందులు చాలా తక్కువ. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే మా సుభద్ర పరిగెత్తుకొచ్చి నా నడుం చుట్టేసింది. ఐదేళ్లది. తల ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయాను. అదే వాసన.

"ఎక్కడ తడిశావే?"

"మిల్లు వానలో. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లాను. అక్కడ రోజూ వానే."

మర్నాడు పొద్దున్నే, కుండలో నీళ్లు ఎక్కడివో చూపించమని మంగమ్మను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్లాను. ఇంజను డ్రైవరు అప్పారావుగారు ఓపిగ్గా అంతా చూపించారు. ఇంజను వాడేసిన ఆవిరి కండెన్సరు అనే పెట్టెలోకి వెళ్తుంది. అందులోని గొట్టాలను చన్నీళ్లు చల్లబరుస్తాయి. ఆవిరి నీరవుతుంది, చన్నీళ్లు వేడెక్కుతాయి. కాలవ పారే రోజుల్లో ఆ వేడినీళ్లు కాలవలోకి పోతాయి. కాలవ కట్టేశాక పారబొయ్యడానికి వీల్లేదు. వాటినే పంపుతో పైకెత్తి, తాటిపట్టెలతో కట్టిన టవరు మీదనుంచి తుంపరగా జారవిడుస్తారు. గాలికి చల్లారి తొట్టిలో పడతాయి. మళ్లీ కండెన్సరుకే వెళ్తాయి. ఇలా కాలవలు వదిలేదాకా అవే నీళ్లు.

"ఈ తొట్టి ఇంజనుకండి, బాలింతలకి కాదు" అన్నారాయన.

మంగమ్మ తగ్గలేదు. "ఇంజన్లో మరిగే కదండీ వస్తున్నాయి? నా పొయ్యి మంటకంటే మీ మంట పెద్దది కాదేంటండీ? బాగా కాగిన నీళ్లని గదా, పనిగట్టుకుని పిల్లకి మోసుకెళ్లాను."

"మంట దగ్గరికి ఈ నీళ్లు వెళ్లవు మంగమ్మా. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి వెచ్చగా ఉంటుంది. ఉడుకుతుందా?" అన్నారు అప్పారావుగారు.

నాకు నవ్వొచ్చింది. మంగమ్మకు రాలేదు. తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. "మరి నా కుండలో అంత తేటగా ఉన్నాయేంటండీ?" అని నన్నడిగింది.

"చిల్లగింజ మట్టిని దించుతుంది. కంటికి కనబడని పురుగులు అలాగే ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో వాటికి మరీ సుఖం" అన్నాను. ఆమె మొహం చూసి, "నువ్వు బిడ్డ మంచికే మోశావు మంగమ్మా" అని కూడా అన్నాను.

అప్పారావుగారు ఒక తాటిపట్టె మీద వేలితో రుద్దారు. పచ్చటి జిగురు ఊడి వచ్చింది. "గొట్టాల్లో కూడా ఇదే పట్టి ఉంటుంది. ఇంజను లాగడం లేదని మంటలో ఊక ఎక్కువేసి దండగ చేస్తున్నాను. మిల్లు అయ్యగారితో చెప్పి రేపు ఆపిస్తానండి."

అన్నట్టే ఆపించారు. తొట్టి మొత్తం తోడించారు. అడుగున మోకాటిలోతు మడ్డి ఉంది. పట్టెలను కొబ్బరిపీచుతో రుద్ది సున్నపునీళ్లతో కడిగారు. నీళ్లు ఆవిరైపోయేకొద్దీ మిగిలినవి చిక్కబడతాయి కాబట్టి, రోజూ కాస్త అడుగునుంచి వదిలి, ఆ మేరకు బావినీళ్లు కలపడం మొదలుపెట్టారు. వదలడాన్ని ఆయన బ్లోడౌన్ అనేవారు. నీళ్లు తొట్టిలోకి వచ్చే దారిలో గులకరాళ్లు, ఏటి ఇసుక, బొగ్గు పరిచిన ఫిల్టరు కట్టారు. పైపొర ఇసుకను వారం వారం తీసి కడగాలని పనివాళ్లకు చెప్పారు. పిల్లలు దూరకుండా చుట్టూ తాటాకు దడి వేయించారు. మంగమ్మకు మాత్రం ఒక గోనెడు ఊక ఇప్పించి, "ఊక పొయ్యి మీద నిజంగా మరిగించు. అయిపోతే మళ్లీ రా" అన్నారు.

ఇంజను ఆగిన సాయంత్రం నేను సత్యవతి పక్కనే కూర్చున్నాను. పొద్దున కంటే ఎరుపు కాస్త తగ్గింది, ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. రోజూ ఆ ఇంట్లో మిల్లు చప్పుడుకు మాటలే వినబడవు. ఆ రోజు ఎండుటాకు కదిలినా వినబడుతోంది. సత్యవతి బిడ్డను మళ్లీ రొమ్ముకు ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్న గుటక. ఇంకొకటి.

"లాగుతోందండి" అంది సత్యవతి, గట్టిగా అంటే ఆగిపోతుందేమోనని గొంతు తగ్గించి.

మంగమ్మ గడపలో ఊక పొయ్యి కూరుతూ, ఇటు తిరగకుండానే కొంగుతో మొహం తుడుచుకుంది.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి వాళ్ల నుదురు తాకి వచ్చాను. ఆ వేసవి తర్వాత ఏ పసిబిడ్డను చూడబోయినా ముందు తల వాసన చూస్తాను, తర్వాత స్నానం నీళ్లు ఎక్కడివని అడుగుతాను. వెచ్చగా ఉన్నాయనీ, తేటగా ఉన్నాయనీ చెబితే, ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో కూడా చెప్పమంటాను. ప్రేమగా మోసుకొచ్చిన నీళ్లను కాదనేటప్పుడు, మోసిన చేతిని నొప్పించకుండా కాదనడం, గోనెడు ఊక ఇప్పించిన అప్పారావుగారి దగ్గర నేర్చుకున్నాను.

ఆ వేసవిలోనే, ఇంజను మళ్లీ మొదలైన రోజు పొద్దున్నే మిల్లు కూత వినబడగానే పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మా, వానకి వెళ్లొచ్చా?" అని సుభద్ర అడిగింది.

ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని తలలు వాసన చూశాను. రాత్రి నేను పోసిన కుంకుడుకాయల వాసన.

"అది ఇంజను స్నానం చేసే చోటు నాన్నా, మనం వెళ్లకూడదు" అని చెప్పాను. "కాలవలు వదిలే రోజులకి అసలు వాన వస్తుంది. అప్పుడు మీతో నేనూ తడుస్తాను."