నేను పీకేసిన దిష్టి కడ్డీ

మీ కారు వెనక ఇరుసు పక్కకి జారిపోకుండా పట్టుకున్నదేమిటో ఎప్పుడైనా వంగి చూశారా? నేను చూశాను. చూసి ఊరుకోక పీకేశాను. ఆ తర్వాత చోడవరం నుంచి చీడికాడ దాకా నా కారు ఎండ్రకాయలా నడిచింది.

అప్పట్లో దిష్టి మాటెత్తితే నాకు ఒళ్లుమంట. చీడికాడలో జాతకాలు చెప్పే సింహాద్రితో పందెం కూడా వేశాను. జనం ముందు వాదించుకోవాలి. దిష్టి ఉందని తేలితే నా కారుకి నేనే బూడిదగుమ్మడికాయ కొట్టాలి. లేదని తేలితే అతను తన జాతకాల బోర్డు దించెయ్యాలి.

అలాంటి సభకి నిమ్మకాయలు కట్టిన కారులో వెళ్తానా? పాత కారు, అమ్మినవాడు పరమభక్తుడు. సభ రోజు పొద్దున్నే నిమ్మకాయ తెంపాను, వెనక వేలాడే పాత చెప్పు తెంపాను. ఇంకేమైనా దాక్కుందేమోనని కిందకి దూరాను. దొరికింది! వెనక చక్రాల మధ్య అడ్డంగా పొడుగాటి ఇనుప కడ్డీ. ఒంటినిండా పసుపు, నల్లతాడు. ఒక కొన ఇరుసుకి, ఇంకో కొన బాడీకి. తిరగదు, బరువు మొయ్యదు. పనిలేని ఇనుముకి పసుపెందుకు? దిష్టికే! స్పానరు తెచ్చాను.

నా భార్య సత్యవతి తొంగిచూసింది. "ఏటండీ అది? బండిలోదేమో, సూసుకోండి."

"బండిలోది కాదు, బుర్రలోది! మూఢనమ్మకానికి బోల్టులు కూడా బిగించారు!"

"తాడు తీసెత్తే సాలదేటి?"

ఎంత చక్కటి ప్రశ్న! కడ్డీ ఊడదీసి పెరట్లో చిక్కుడు పాదుకి గుంజగా పాతాను.

దారిలో చెరకు లారీ ఎదురైంది. స్టీరింగ్ తిప్పాను. కారు ముందుభాగం ఎడమకి వెళ్లింది. వెనకభాగం కాసేపు ఆలోచించి కుడికి వెళ్లింది. టైరు బాడీకి రాసుకుని కుయ్యోమంది. "ఒరే, ఈ కారు తాగీసిందిరా!" అని ఎవరో అరిచారు. పక్క సీట్లో సత్యవతి కళ్లు మూసుకుని "దిష్టి లేదు, దిష్టి లేదు" అని జపం మొదలుపెట్టింది.

ఊగుతూ వచ్చిన కారుని చూసి చీడికాడ జనం ఒకటే గోల. "నిమ్మకాయ తీసీసేడు, దిష్టి కొట్టీసింది!" ఎవరో నా చేతిలో గుమ్మడికాయ పెట్టేశారు.

సింహాద్రి జాతకాలకి ముందు టాక్సీ నడిపేవాడు. కారుని పక్కనుంచి ఒక్క తోపు తోసి, కిందకి వంగాడు. పాత డ్రైవరు రక్తం ఉడికిపోయింది.

"దిష్టీ కాదు, గిష్టీ కాదు! అడ్డరాడ్డు ఏదండీ మాస్టారూ?"

"చిక్కుడు పాదుకి..."

"ఓరి బాబోయ్! అది లేపోతే స్ప్రింగుల మీద ఇరుసు ఉయ్యాలూగదేటి?"

జనంలోంచి ఒక ముసలామె అందుకుంది. "సింహాద్రీ, దిష్టి కాదని నువ్వే సెప్పీసేవు కదా!"

అతను నాలిక కరుచుకున్నాడు. గుమ్మడికాయ మోస్తూ గెలిచిన తార్కికుణ్ని నేనొక్కణ్నే.

బస్సెక్కి ఇంటికెళ్లి కడ్డీ తెచ్చాను. సింహాద్రే బిగించాడు. డిక్కీ మీద కూర్చుంటే కారు హాయిగా దిగి లేచింది. పక్కనుంచి తోస్తే ఇరుసు కదలలేదు! చక్రాలు గుంటలో పడినప్పుడు కడ్డీ తలుపులా తిరిగి పైకీ కిందకీ దారిస్తుంది; పక్కదారి మాత్రం మూసేస్తుంది. కడ్డీ అలా తిరిగేటప్పుడు ఇరుసు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుందట. అదీ తగ్గాలనే అంత పొడుగు పెట్టారట. ఏ బుర్రకి తట్టిందో! నేను నేలమీదే పడుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

"బోరుడు నాను దించెత్తాను. తమరింక స్పానరు ముట్టుకోకండి," అన్నాడు సింహాద్రి.

"ఆ కాయ ఇటివ్వండి, వడియాలెడతాను," అంది సత్యవతి.

ఆ వడియాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పరీక్షించకుండా నమ్మను, పరీక్షించకుండా పీకను. మీరూ లేవండి. ఇది చదవడం ఆపి మీ కారు కిందకి వంగండి. తాడు కనిపిస్తే తెంపండి. కడ్డీ కనిపిస్తే దండం పెట్టకండి, పీకకండి. అదేం పని చేస్తోందో అడగండి!