పౌలురాజు ఇంట్లో కనిపించని కేబుల్

ఫరీదాబాద్‌లో ఓ పెద్ద ఆసుపత్రికి ఇరవై ఎనిమిదేళ్లుగా కరెంటు పని చూస్తున్న పౌలురాజుకు ఒక గర్వం ఉండేది. తన ఇంట్లో ఒక్క వైరు కూడా బయటికి కనిపించదు. చర్చి నుంచి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు గోడలు చూపించేవాడు. తలచుకుంటే ఇప్పుడు అతనికే నవ్వొస్తుంది.

కూతురు కెరెన్ తన గదిలోకి ఇంటర్నెట్ కేబుల్ కావాలన్నప్పుడు, కొత్తది కొనాలన్న ఆలోచనే అతనికి రాలేదు. పాత పనుల్లో మిగిలిన ముక్కలు నాలుగు అటక మీద ఉన్నాయి. లోపలి సన్నని తీగలను రంగుకు రంగు కలిపి మెలేసి, మూడు చోట్ల టేపు చుట్టి, ఏసీ వైరు వెళ్లే పైపులోనే తోసేశాడు. కరెంటు వైరుకు సరిపోయే జాయింటు దీనికి సరిపోదా అనుకున్నాడు. ఆపరేషన్ థియేటర్‌కే కరెంటిచ్చిన చెయ్యి మరి.

ఆ రోజు నుంచీ కెరెన్ ల్యాప్‌టాప్‌లో మాట తెగిపోతూనే ఉంది. ఏసీ వేస్తే బొమ్మే ఆగిపోయేది. పౌలురాజు ముందు మోడెమ్‌ను తిట్టాడు. తర్వాత ఎండను, పై అంతస్తువాళ్ల వైఫైని కూడా వదల్లేదు. ఈలోగా పుణేలో నర్సు ఉద్యోగానికి కెరెన్‌కు వీడియో ఇంటర్వ్యూ ఖాయమైంది. రెండేళ్లుగా ఆమె ఎదురుచూస్తున్న పిలుపు అది.

ముందురోజు ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి చూశాడు. మోడెమ్ దగ్గర స్పీడు పూర్తిగా ఉంది. కెరెన్ గదిలో అందులో పదో వంతు కూడా లేదు.

"అంకుల్, బీచ్ మే కోయీ జాయింట్ హై క్యా?" అని, మధ్యలో ఎక్కడైనా అతుకుందేమోనని అడిగాడు.

"నహీ భయ్యా," అనేశాడు పౌలురాజు. భార్య సరళకుమారి, కెరెన్ ఎదురుగానే ఉన్నారు. ఇన్నేళ్ల పేరు వాళ్ల ముందు పోగొట్టుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

కంపెనీ మనిషి వెళ్లగానే పౌలురాజు బజారుకు పరిగెత్తి, ఒకే ముక్కగా ఉన్న కేబుల్ తెచ్చాడు. ఏసీ వైరు లేని పైపు గోడలో ఇంకొకటి లేదు. కేబుల్‌తో పాటు ఇంటి పరువంతా హాలు మధ్యలో నేల మీద పరిచాడు.

"ఆ పాత కేబులు నాసిరకం తల్లీ. తయారుచేసినోళ్లు మోసం చేశారు."

"మీరు తెచ్చిందేగా అండీ," అంది సరళకుమారి. అతను వినిపించుకోలేదు.

మర్నాడు ఇంటర్వ్యూ జరుగుతుంటే, వైరు ఎవరూ తొక్కకుండా పౌలురాజు హాల్లో కాపలా నిలబడ్డాడు. ఏసీ తిరుగుతోంది, మాట తెగడం లేదు. లోపలి నుంచి ఓ పెద్దావిడ గొంతు స్పష్టంగా వినిపించింది. డ్యూటీలో మీ వల్ల పొరపాటు జరిగితే మొదట ఏం చేస్తారని అడుగుతోంది.

"వెంటనే చెప్పేస్తాను మేడమ్," అంది కెరెన్ ఇంగ్లీషులో. "దాచితే దెబ్బ పేషెంటుకు తగులుతుంది. మా డాడీ నేర్పింది అదే."

కనీసం ఈ ప్రశ్నప్పుడైనా నెట్ పోయి ఉంటే బాగుండేదనిపించింది పౌలురాజుకు.

తలుపు తెరుచుకోగానే, ఇంటర్వ్యూ ఎలా జరిగిందని కూడా అడక్కుండా, "ఆ కేబులు మంచిదేనమ్మా. నేనే మధ్యలో జాయింట్లు వేశాను," అన్నాడు.

"కిత్నే, డాడీ?"

"రెండు," అని, కూతురి ముఖం చూసి, "మూడు," అన్నాడు.