బాజీ ఎంచుకున్న షాఫ్ట్

బాజీ ఇక లేడు.

నిన్న పొద్దున ఫోన్ మీద వాడి పేరే కనబడింది. "చెప్పరా" అన్నాను.

అవతల వాడి కూతురు. నాన్న ఎంత లేపినా లేవట్లేదంది. వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లమని చెప్పి గుంటూరులో కారెక్కాను. దారి పొడుగునా ఆ ఫోన్ మళ్లీ మోగకూడదనే కోరుకున్నాను.

యడ్లపాడు దాటాక మోగింది.

గుండె ఆగిపోయిందట. నిద్రలోనే.

వాడెవరో తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. బాజీ నా హైస్కూల్ ఫ్రెండ్. చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. వాడి ప్రాణమంతా క్యారమ్ బిలియర్డ్స్. ఆ టేబుల్‌కి జేబులుండవు. ఉండేవి మూడు బంతులు. మన బంతి వెళ్లి మిగతా రెండింటికీ తగలాలి, అంతే ఆట.

పేటలో పొగాకు వ్యాపారుల పాత క్లబ్బులో అలాంటి టేబుల్ ఒకటుండేది. డ్యూటీ దిగితే వాడు అక్కడే.

తొంభైల చివర్లో, మంచి సీజన్‌లో, మిషన్‌లో ఇరుక్కున్న పత్తి తీయబోయి వాడి ఎడమచేతి చూపుడువేలు పోయింది.

ఆట తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. క్యూ కర్ర ముందు భాగాన్ని, అంటే షాఫ్ట్‌ని, ఎడమచేతి చూపుడువేలు చుట్టి పట్టుకుంటుంది. ఆ వేలే లేదు.

గాయం మానింది. కానీ వాడు మిల్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేసేవాడు. మిషన్ చప్పుడు వింటే చెయ్యి వణుకుతోందని నాకొక్కడికే చెప్పాడు. ఇంట్లో వాళ్లావిడకి, అంటే మా వదినకి, ఇంకా నొప్పిగా ఉందని చెప్పేవాడు.

ఒకరోజు వచ్చి చెన్నై వెళ్దాం రా, క్యూ కొనాలి అన్నాడు. నాకు భయమేసింది. అక్కడికెళ్లి, పట్టుకోవడమే చేతకాకపోతే వీడేమైపోతాడు?

ఒంగోల్లో రైలెక్కాం. దారంతా మధ్యవేలు మెలితిప్పి, నా పెన్ను దాంట్లోంచి ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నాడు.

షాపాయన ఒక క్యూ తీశాడు. బరువైన కర్ర, దానికి రెండు షాఫ్ట్‌లు. ఒకటి కొసన సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ లావయ్యేది. గట్టిది, అస్సలు వంగదు. బంతులు బరువు కాబట్టి మంచి ప్లేయర్లందరూ ఇదే తీసుకుంటారని ఆయన అన్నాడు.

బాజీ దాన్ని మధ్యవేలి చుట్టులో పెట్టి జరిపాడు. సగం దాకా బాగానే వెళ్లింది. లావు భాగం వచ్చేసరికి వేలు తెరుచుకుంది, పక్కనున్న కుట్ల మచ్చ సాగింది. వాడి మొహం చూసి నేను తల తిప్పేసుకున్నాను.

రెండోది చాలా దూరం ఒకేలా సన్నగా ఉంది. వేల్లోంచి ఆగకుండా జారింది. అయితే గట్టిగా కొడితే వంగుతుంది, బంతి పక్కకి పోతుందని షాపాయన హెచ్చరించాడు.

నేనూ వద్దన్నాను. డబ్బు దండగ, మళ్లీ ఆలోచించుకో అన్నాను.

వాడు షాఫ్ట్ వంకే చూస్తూ అన్నాడు. "వంగితే వంగుద్దిరా. దాన్ని బట్టి నేను మెల్లగా కొట్టుకుంటా. నా వేలు మాత్రం ఇంకెవరి కోసమూ మారదు."

అదే కొన్నాడు.

ఆ ఎండాకాలం క్లబ్బులో మ్యాచ్ పెట్టారు. ఎదురు ఆడింది ఒంగోలు నుంచి వచ్చిన ప్లీడరుగారు. వదిన ఎప్పుడూ క్లబ్బు మెట్లెక్కని మనిషి. ఆరోజు వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది, కొంగు అంచు నలుపుకుంటూ.

మొదటి దెబ్బకే క్యూ జారింది. ఎవరో నవ్వారు. తర్వాతది కూడా తగల్లేదు. నాకు చూడబుద్ధి కాక వరండాలోకి వెళ్లిపోయాను.

ఇంతలో కరెంటు పోయింది.

లోపలికి వచ్చేసరికి వదిన వాడి ఎడమచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కిటికీ వెలుతురులో చూస్తోంది. వేళ్లు వాచాయి. "చాల్లెండి, ఇంటికి పోదాం" అంది.

"పోదాం. ఒక్కటి తగలనీ" అన్నాడు వాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో ఇన్నాళ్లూ దాచింది బయటపెట్టాడు. "నొప్పి కాదు. భయమేస్తంది. ఈ చెయ్యి చెప్పినమాట వింటదని తెలియకుండా మిషన్ దగ్గరికి ఎట్టా పోను?"

వదిన క్యూ సాఫీగా జారడానికి టేబుల్ పక్కన పెట్టిన పౌడరు డబ్బా తీసి వాడి వేళ్ల మధ్య రాసింది.

కరెంటు వచ్చాక వాడు చాలా మెల్లగా కొట్టాడు. బంతి ఎర్రదాన్ని ముట్టుకుని, టేబుల్ అంచుకి తగిలి, ఇక ఆగిపోతుందేమో అన్నంత నిదానంగా వెళ్లి మూడోదాన్ని తాకింది.

మ్యాచ్ ఓడిపోయాడు.

మర్నాడు మిల్లులోకి వెళ్లాడు. మొన్నటిదాకా ఆ పని మానలేదు.

నిన్న సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాం. ఇవాళ వదిన దగ్గరికి వెళ్లాలి. ఏం మాట్లాడాలో తెలియట్లేదు. పొద్దుటినుంచి చెప్పులేసుకుని కూర్చునే ఉన్నా.

వెళ్లిరారా బాజీ. ఆ మట్టి నీమీద తేలిగ్గా ఉండాలి. అల్లా నీకు ఏ భయమూ లేని నిద్ర ఇవ్వాలి.