కిటికీకి అడ్డంగా క్యారమ్ బోర్డు

ఆ రోజు వచ్చిన గాలిదుమారానికి ఎదురు బ్లాకు మీది నీళ్ల ట్యాంకు లేచి, గాలిలో పల్టీ కొట్టి, మా పై ఫ్లాటు కిటికీని బద్దలు చేసి లోపల పడింది. పార్కులో చాలామందికి ఇలాగే చెప్పాను. నిండు ట్యాంకు అని కూడా అన్నట్టు గుర్తు. నిజానికి ఎగిరింది ట్యాంకు కాదు, దాని మూత. నల్లటి ప్లాస్టిక్ మూత. మూతే కదా అని తీసిపారెయ్యకండి. మే నెలలో ఇక్కడివాళ్లు ఆంధీ అనే ఈ దుమ్ముగాలి లేచిందంటే మిట్టమధ్యాహ్నం వీధి దీపాలు వెలుగుతాయి. ఆ మూత అద్దాన్ని కొట్టినప్పుడు కింద కూర్చున్న నా చేతిలో కాఫీ గ్లాసు వణికింది. కాఫీ ఒలికి పంచె తడిసింది అని రాయబోయి ఆగాను. మా ఆవిడ ఇది చదువుతుంది.

వసంత్ కుంజ్‌లో ప్రభుత్వం కట్టి అమ్మిన పాత ఫ్లాట్లు మావి. మాది రెండో అంతస్తు. మూడోది నా మిత్రుడిది, దానిపైన డాబా. ఇద్దరం ఒకే మంత్రిత్వ శాఖలో ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో పనిచేశాం. లంచ్ టైంలో రిక్రియేషన్ క్లబ్బులో క్యారమ్స్ ఆడేవాళ్లం. రిటైరయ్యాక ఆట ఆయన ఇంటికి మారింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన పైన కుర్చీ బర్రున లాగేవాడు. అదే నాకు పిలుపు. నేను చెప్పులు వేసుకునేలోపు మా ఆవిడ, "వెళ్లండి, కోర్టు పిలుస్తోంది," అనేది.

పోయిన చలికాలం ఆయన పోయాడు. ఆ తరువాత రోజూ భోజనమయ్యాక నేను కాసేపు అలా కూర్చునేవాడిని. పైన కుర్చీ కదలదు. చప్పుడు వినిపిస్తే మనిషి భయపడటం అందరికీ తెలిసిందే. వినిపించకపోతే ఎంత భయంగా ఉంటుందో నాకు ఈ వేసవిలో తెలిసింది.

ఆయన భార్య నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది కాబట్టి ఇక్కడ చెల్లెమ్మ అనే రాస్తాను. కర్మకాండ అవగానే ఆమెను అక్కాబావా ఇందిరాపురం తీసుకుపోయారు. తాళాలు మా దగ్గర పెట్టారు. ఇల్లు అమ్మేసి తమ దగ్గరే ఉండిపొమ్మని వాళ్ల పోరు. ఈ వేసవిలో ఏదో ఒకటి చెబుతానంది ఆమె. "ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండగలనో లేదో నాకే తెలియట్లేదు అన్నయ్యగారూ," అని ఒకసారి ఫోన్లో అంది. అమ్మవద్దనడానికి నేనెవర్ని? కానీ ఆ ఇల్లు అమ్ముడుపోతే నా నెత్తి మీద ఎవరో కొత్తవాళ్లు నడుస్తారు. ఆ ఊహే నాకు గిట్టలేదు.

అద్దం పగిలిన చప్పుడు వినగానే, దుమారం ఇంకా చెలరేగుతుండగానే ఒక్కడినే పైకి పరుగెత్తాను. ఇది కూడా పార్కులో చెప్పిన మాటే. వెళ్లింది గాలి తగ్గాక. ముందు మా ఆవిడ చీపురూ చేటా పట్టుకుని, వెనక నేను.

పడకగది కిటికీ అది. పరుపు మీద ఎర్రటి దుమ్ము, వేపాకులు, గాజు పెంకులు, మధ్యలో ఆ మూత. పై అంతస్తుకి ఎవరొస్తారని ఆయన గ్రిల్లు పెట్టించలేదు. మనుషులు రారు, నిజమే. కానీ ఇక్కడ కోతులున్నాయి. అప్పటికే ఒకటి ఎదురు బ్లాకు పిట్టగోడ మీద కూర్చుని లోపలి సామాన్ల వైపు చూస్తోంది. పడమటి దిక్కు మళ్లీ నల్లబడుతోంది. వడ్రంగికి ఫోన్ చేస్తే, "కల్ పక్కా, అంకుల్ జీ," అన్నాడు. రేపు తప్పకుండా అనే ఆ పక్కా సంగతి నాకు తెలుసు. కరెంటు పోయి మార్కెట్లో ప్లైవుడ్ దుకాణం షట్టరు దించేసి ఉంది.

తలుపు వెనక గోడకు ఆనించిన క్యారమ్ బోర్డు అప్పుడు కనిపించింది. క్లబ్బువాళ్లు కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని ఆయన వేలంలో పాడుకున్నాడు. దళసరి చెక్క, బలమైన చట్రం. దాన్ని ఎత్తి కిటికీలో పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది.

ఇక్కడిదాకా చదివి మా ఆవిడ పక్కన నిలబడింది. "కొలిచి చేసినట్టా? జానెడు తక్కువైతే నా పాత చీర కుక్కారుగా," అంది.

సరే, చీర కుక్కాం. మంచానికున్న దోమతెర కర్రలు రెండు ఊడదీసి, బోర్డుకు అడ్డంగా వేసి, ఇనప తీగతో కిటికీ చట్రానికి బిగించాం. ఆట ఆడే వైపు గది లోపలికి, వెనక వైపు బయటికి ఉండేలా పెట్టాను. ఆ నున్నటి చెక్క మీద వాన పడటం నేను చూడలేను. చుట్టూ ఉన్న సందులన్నీ గుడ్డలతో మూశాను. నాలుగు మూలలా ఉన్న నాలుగు పాకెట్లను మాత్రం మూయలేదు. మరచిపోయి కాదు. జీవితంలో సగం వాటిలోకి బిళ్లలు పంపడానికే చూసినవాడిని. అవి బోర్డుకున్న కంతలని నాకు తట్టనే లేదు.

మర్నాడు సాయంత్రం మళ్లీ గాలి లేచింది. బోర్డు నిలిచిందో లేదో చూద్దామని పైకి వెళ్లి తాళం తీశాను. కిటికీ మూసుకుపోవడంతో గది మసకగా ఉంది. మందుల వాసన పోయింది కానీ క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు వాసన ఇంకా ఉంది. మంచం పక్కన నిలబడ్డాను. అప్పుడు వినిపించింది ఈల. రాణికి గురిపెట్టే ముందు నా మిత్రుడు వేసే ఈల.

తాళం కూడా సరిగ్గా వేయకుండా కిందికి దిగి వచ్చాను. గేటు దగ్గర గార్డు నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. పైన సాహెబ్ ఈల వేస్తున్నాడని చెప్పాను. అతను నవ్వలేదు. చలికాలమంతా ఆయనకు టీ తెచ్చి ఇచ్చినవాడు. రెండు చేతులూ జోడించి పై కిటికీకి దణ్ణం పెట్టాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పార్కులో బెంచీ మీద కూర్చునేసరికి ఈల పక్కన బిళ్లల చప్పుడు చేరింది. మరో సాయంత్రానికి నేల మీద పౌడరు అడుగులు పడ్డాయి. చెబుతుంటే నాకే ఒళ్లు జలదరించేది. ఒకావిడ తన పిల్లల్ని మా మెట్లెక్కవద్దంది. నేను ఒకటి కలిపితే వినేవాళ్లు ఇంకొకటి కలిపారు. చివరికి అది నా దగ్గరికే తిరిగొచ్చి, నాకు తెలియని వివరాలతో నన్నే భయపెట్టింది.

ఈలోగా చెల్లెమ్మ బావగారు ఇల్లు చూపించడానికి నోయిడా నుంచి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చారు. గేటు దగ్గర గార్డు ఆ పెద్దమనిషితో ఏదో అన్నాడు. ఆయన మెట్ల దాకా వచ్చి, తలెత్తి చూసి, ఎవరికో ఫోన్ చేయాలంటూ వెనక్కి తిరిగాడు. మళ్లీ రాలేదు. బావగారు మా గుమ్మంలో నిలబడి, చదువుకున్నవాళ్లం మనం, అని మాత్రం అని వెళ్లిపోయారు.

మా ఆవిడ తలుపు వేసి నా వైపు తిరిగింది. "ఇప్పుడు సంతోషమేనా? ఇంట్లో దెయ్యముందని తెలిశాక ఆవిడ ఈ గుమ్మం తొక్కుతుందా? ఉండాలా అమ్మాలా అని ఊగుతున్న మనిషిని మీ నోటితో మీరే పంపించేశారు."

నేను అంత దూరం ఆలోచించలేదు.

మర్నాడే చెల్లెమ్మ ఫోన్ చేసింది. గొంతులో భయం లేదు. "ఆయన ఈల వేస్తున్నారటగా అన్నయ్యగారూ. రేపొస్తాను. అక్కకి చెప్పట్లేదు, మీరూ చెప్పకండి."

వచ్చింది. భుజానికి చిన్న చేతిసంచీ తప్ప ఏమీ లేదు. పైకి వెళ్లి ఆ బోర్డుకు ఎదురుగా మంచం మీద కూర్చుంది. కూర్చుందో లేదో దూరంగా వేపచెట్లు ఊగాయి, తలుపు దానంతట అదే మూసుకుంది, గదంతా ఈల నిండిపోయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ గోడ పట్టుకుని కూలబడింది.

ఇదీ నేను పార్కులో చెప్పేది. గాలి లేవలేదు.

జూన్ మధ్యాహ్నం. ఆకు కదలటంలేదు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. మా ఆవిడ మజ్జిగ తెచ్చిస్తే పక్కన పెట్టింది. ఫ్యాను వేయబోతే వద్దంది, చప్పుడులో వినపడదని. చెమట కారిపోతున్నా బోర్డు మీంచి చూపు మరల్చలేదు. ఆమె ఎదురుచూస్తున్న మనిషి ఎక్కడున్నాడో నాకు తెలియదు కానీ, ఆ ఈల ఎక్కడున్నదో తెలుసు. నా నోట్లో.

ఒక దుర్బుద్ధి పుట్టింది. డాబా మీదికి వెళ్లి, పిట్టగోడ మీంచి వంగి, నేనే ఒక ఈల వేస్తే? నాకు ఈల బాగా వచ్చు. ఆవిడ కోరిక తీరుతుంది, నా మాటా నిలుస్తుంది. వెళ్లాను కూడా. డాబా తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాను. ఎండకు కాలిపోతోంది. అక్కడి నుంచి చూస్తే తెరిచి ఉన్న తలుపుల్లోంచి గదిలో ఆమె వీపు కనిపిస్తోంది. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలా నిటారుగా ఉంది. వెనక్కి దిగి వచ్చాను.

"అమ్మా, అది ఈల కాదు," అన్నాను.

ఆమె తల తిప్పలేదు. "తెలుసు. ఆయనకి ఈల రాదు."

మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

"ఎన్నిసార్లు ప్రయత్నించారో. పెళ్లైన కొత్తలో నన్ను పిలవాలని వీధి చివరి నుంచి పెదాలు సున్నాలా చుట్టేవారు, ఏమీ వచ్చేది కాదు. చచ్చాకైనా నేర్చుకున్నారేమో చూద్దామని వచ్చా."

మా ఆవిడ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. చెల్లెమ్మ కూడా కాస్త నవ్వింది. ఆ నవ్వు అయిపోయాక గది ఇంకా ఖాళీగా కనిపించింది. ఆమె సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను.

"మరి మీకు వినిపించిందేమిటి?" అని అడిగింది.

పాకెట్ల సంగతి చెప్పాను. బయట గాలి విసిరితే ఆ కంతల్లోంచి లోపలికి వస్తుందని, దాన్ని నేను పెంచి ఈలగా చేశానని, బిళ్లలూ అడుగులూ అన్నీ నావేనని ఒప్పుకున్నాను. "నిజంగా ఏమీ లేదమ్మా. వట్టి గాలి. ఫూ అని. ఆగి, మళ్లీ ఫూ అని."

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "ఇంకోసారి అనండి."

"ఫూ."

స్ట్రైకరు పెట్టే ముందు ఆయన గీత మీది పౌడరు ఊదేవాడు. ప్రతిసారీ. ఎదురుగా కూర్చునేది నేను కాబట్టి అది వచ్చి నా చొక్కా మీద పడేది. రోజూ తెల్లటి చొక్కాతో ఇంటికి పోయి తిట్లు తినేవాడిని.

ఆ సాయంత్రం మసక గదిలో నేను విన్నది అదే. వినగానే ఏం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా చెయ్యి దానంతట అదే లేచి చొక్కా ముందు భాగం దులుపుకుంది. చొక్కా మీద ఏమీ లేదు. అందుకే తాళం వేయకుండా కిందికి దిగాను. గార్డు అడిగితే, సాహెబ్ ఊదాడు అని అనలేకపోయాను. ఈలైతే ఎవరికైనా చెప్పుకోవచ్చు. అందుకని ఈల అన్నాను. ఒకసారి అన్నాక నా సంగతి తెలిసిందే.

చెల్లెమ్మ లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. పై మూల పాకెట్లో వేలు పెట్టి వెనకనున్న వల తడిమింది. ఆ వలలు ఆమె అల్లినవే, మిగిలిన ఊలుతో. "ఊదొద్దని పోట్లాడేదాన్ని. పక్కంతా పౌడరే," అంది. వేలు బయటికి తీసి చూసుకుంది. కాసేపటికి, నా వైపు చూడకుండానే, "అద్దం మాటేం చేశారు?" అని అడిగింది.

అద్దం కోసి ఉంచానని, ఎప్పుడంటే అప్పుడు వచ్చి బిగిస్తానని దుకాణంవాడు చెప్పాడన్నాను.

"వానలు వెళ్లాక రమ్మనండి."

మా ఆవిడకు ముందు అర్థమైంది. కిందికి వెళ్లి తన చీర ఒకటి, తువ్వాలు ఒకటి తెచ్చి మంచం మీద పెట్టింది. ఒక్కదానివీ ఎలా ఉంటావని బావగారు ఫోన్లో కోప్పడ్డారట. కింద అన్నయ్యగారున్నారు, పైన కోతులున్నాయి అందిట. నన్ను ముందు చెప్పినందుకు సంతోషించాను.

పొద్దు వాలుతుండగా గాలి కొంచెం కదిలింది. ఇది కల్పన కాదు. జూన్‌లో సాయంత్రం పూట కాస్త గాలి రావడానికి నా సాయం అక్కర్లేదు. మేమిద్దరం కింద కాఫీ తాగుతున్నాం. పైన ఏదో బరువైనది బర్రున జరిగింది. చలికాలం తరువాత నా నెత్తి మీద బర్రుమన్న మొదటి చప్పుడు. నా కాళ్లు చెప్పుల కోసం వెతికాయి. మా ఆవిడ గ్లాసు దించి పైకి చూసింది.

"ఏమిటది?"

కిటికీ ఏ పక్కనుందో నాకు తెలుసు. చప్పుడు అటే పోయింది.

"మంచం జరుపుకుంటోంది," అన్నాను. ఇంకేమీ కలపలేదు.