అనుమానాల కెప్టెన్ కుడి బొటనవేలు

ఆ విమాన సంస్థలో అందరూ ఆయన్ని చాటున అనుమానాల కెప్టెన్ అనేవారు, ఎదురుపడితే సార్ అనేవారు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు గుంజి చూసే మనిషి. తాళం గట్టిదేననీ, ఈయన గుంజుడికి గొళ్ళెమే ఊడొస్తుందనీ భార్య సణిగేది. అనుమానం పెనుభూతమని లోకం అంటే అననీ, గాల్లో తిరిగేవాడికి అదే తోబుట్టువని ఆయన వాదం.

ఆయన అనుమానాల్లో పెద్దపీట ఆటో థ్రాటిల్‌ది. వేగం చూసుకుని ఇంజిన్ల జోరు పెంచి తగ్గించే యంత్రమది. అది పని చేస్తుంటే ఇంజిన్ల పిడులు పైలట్ చెయ్యి కింద వాటంతట అవే ముందుకూ వెనక్కూ జరుగుతాయి. విమానాన్ని చేత్తో నడుపుతూ ఇంజిన్లను దానికి అప్పగించడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే అనేవాడు. అందుకే దిగేటప్పుడు ఎడమ బొటనవేలితో ఆటో పైలట్‌నీ, కుడి బొటనవేలితో దీన్నీ ఒకేసారి నొక్కి తీసేవాడు. హెచ్చరిక మోత గొంతెత్తేలోపే రెండోసారి నొక్కి నోరు మూయించేవాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు.

ఆర్నెల్ల కింద కొత్త రూలొచ్చింది: చేత్తో నడిపినా సరే, ఇంజిన్లు యంత్రానికే వదలాలి. తనలాంటి పాతకాపులను సాగనంపడానికే ఈ ఎత్తు వేశారని ఆయన అనుమానం. ఈమధ్య ఒక వారంలో రెండుసార్లు ఒకే కో-పైలట్ అమ్మాయిని తన పక్కన వేస్తే, కాపలా పెట్టారనుకున్నాడు. అయినా రూలు రూలే గనక పాటించాడు. చెయ్యి పిడుల మీద ఊరికే స్వారీ చేయడం మరిగి, బద్ధకం నేర్చింది.

ఆ ఉదయం ఆకాశం కడిగినట్టుంది. పక్కన ఆ అమ్మాయే. రన్‌వే కనపడగానే ఆటో పైలట్ తీసి, చేత్తో దించసాగాడు. కాసేపటికి "స్పీడ్" అంది కో-పైలట్. తనను పరీక్షిస్తోందనుకుని పలకలేదు. పిడులు ఇప్పుడు జరుగుతాయి, ఇంకాసేపటికి జరుగుతాయి అని చెయ్యి ఎదురుచూస్తోంది.

"సార్, స్పీడ్."

చూస్తే వేగం ఉండాల్సినదానికంటే పన్నెండు నాట్లు, అంటే గంటకు ఇరవై కిలోమీటర్లకు పైనే, తక్కువ. పిడులు ముందుకు తోశాడు. ఇంజిన్లు ఊపందుకునేదాకా ఆయన ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి. విమానాన్ని మళ్ళీ పైకి లేపి, ఒక చుట్టు తిరిగొచ్చి క్షేమంగా దించాడు. ఆ చుట్టు తిరుగుతుండగానే సంగతి బోధపడింది. యంత్రం దానంతట అది ఆగితే మోత పెట్టి గోల చేసేది. గోల లేదంటే, తీసిందీ నోరు మూయించిందీ తన కుడి బొటనవేలే.

ప్రయాణికులు దిగిపోయాక రిపోర్టు కాగితం ముందుకొచ్చింది. తన తప్పని రాస్తే ఎడమవైపున్న కెప్టెన్ సీటు పోతుంది. మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష. ఆ వయసులో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. యంత్రం తప్పంటే మాత్రం ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఇన్నేళ్ళుగా దాన్ని తిట్టిపోసిన నోరు కదా. 'ఆటో థ్రాటిల్ దానంతట అదే ఆగిపోయింది' అని రాసి, పోట్లాటకు సిద్ధపడి కాగితం అమ్మాయి ముందుకు జరిపాడు.

ఆమె చదివి తలూపింది. అనుమానమేమైనా ఉంటే ఇప్పుడే చెప్పమన్నాడు.

"మీ చెయ్యి నేను చూడలేదు సార్, మీటర్లు చూస్తున్నాను. మీరు రాశారంటే అంతే. రేపు పొద్దున ఇదే విమానంలో నా డ్యూటీ. మెకానిక్కులు బాగానే ఉందన్నా నేను నమ్మను, మీ మాటే నమ్ముతాను."

ఆయనకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ భయమేసింది. రేపు ఈ పిల్ల లేని రోగానికి భయపడుతూ, బాగున్న యంత్రం మీద ఒక కన్ను వేసి, చూడాల్సినచోట చూడదు. ఇన్నేళ్ళలో తానెవరి మాటా అలా నమ్మలేదు.

కాగితం వెనక్కి లాక్కుని, రాసింది కొట్టేశాడు. 'నేనే తీశాను. తీసినట్టు నాకు తెలియలేదు' అని రాసి సంతకం పెట్టాడు. అమ్మాయి చదివేదాకా ఆగి, ఎడమవైపు సీట్లోంచి లేచాడు.